శ్రమదినాల్లో పగటి అన్నం

ఫిబ్రవరి 17, మంగళవారం

ఆదివారం సాయంత్రం బొల్లాపల్లి ఉపవాస కూటాల్లో స్టేజీ మీద పడిపోయాను.

ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద అగ్నిని దించిన ఘట్టం చెబుతున్నాను. బలిపీఠం చుట్టూ కందకం, కందకం నిండా నీళ్లు, ఆ నీళ్లను సైతం నాకేసిన అగ్ని. జనం ఊగిపోతున్నారు. మైకు చేతిలో ఉంది. కాళ్ల కింద చెక్కలు మెత్తబడినట్టు అనిపించింది. ఆ తర్వాత తెలియదు.

కళ్లు తెరిచేసరికి షామియానా అంతా హల్లెలూయ. బ్రదర్ శౌరి మీదికి ఆత్మ దిగిందని కేకలు. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. ఎవరో నా నుదుటికి నూనె రాస్తున్నారు. కీబోర్డు ఆగకుండా మోగుతోంది. చివరికి ఒకావిడ తీపి సోడా నోట్లో పోస్తే లేచి కూర్చున్నాను.

ఆత్మ కాదు. పొద్దున షుగర్ టాబ్లెట్ వేసుకుని రోజంతా ఏమీ తినలేదు. అంతే. నాకు తెలుసు. చెప్పలేదు. మైకు అందుకుని మళ్లీ మొదలుపెట్టాను.

గురజాల గుడ్‌ఫ్రైడే కమిటీ పెద్ద దేవసహాయం గారు ముందు వరుసలో ఉన్నారు. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలకు ఆ రోజు ఏడుగురు ప్రసంగీకులు. కూటం అవగానే నా చేయి పట్టుకుని ఐదో మాట మీదే బ్రదర్ అన్నారు. దాహం మాట. పల్నాడంతా వచ్చి కూర్చునే మీటింగది. వెల్డింగ్ షెడ్డులో ఏడో తరగతి చదువుతో బైబిలు కూడబలుక్కున్నవాణ్ణి. ఆ మాట కోసం ఎన్నేళ్లు కాచుకున్నానో దేవుడికి తెలుసు. అది నా వాక్యాన్ని చూసి ఇవ్వలేదు. నేను పడిపోవడం చూసి ఇచ్చారు.

నిన్న మాచర్ల బస్టాండులో దిగాను. చికెన్ పకోడీ కట్టించుకున్నాను. పరోటాలు. జిలేబీ. మళ్లీ పకోడీ. బస్టాండు వెనక గోడవైపు తిరిగి నిలబడి తిన్నాను. రుచి తెలియలేదు. ఆపడం కూడా తెలియలేదు.

వెనక నుంచి ఎవరో, ఏంది పాస్టరు గారూ, గోడకి వాక్యం చెప్తన్నారా అన్నారు. వెల్దుర్తి బ్రహ్మయ్య. రైతు. ఒకప్పుడు పార్టీ జెండా పట్టుకుని మండలమంతా తిరిగినవాడు, తాగి పొలం గట్ల మీద పడి ఉండేవాడు. ఇప్పుడు తాగడంటారు. నా నోట్లో పరోటా ఉంది.

అతను నవ్వు ఆపేసి, నేనూ ఇట్టా గోడవైపు తిరిగే తాగేవాణ్ణి, సీసా వదిలిపెడితే ఆ చోట్లో కూడు వచ్చి కూర్చుంది, సిగ్గేంది అన్నాడు. శనివారం మూడింటికి పాత పోస్టాఫీసు సందులో ఖాతూన్ బీ పరుపుల కొట్టు, మేడ మీద గది, మాలాంటోళ్లం నలుగురం కూకుంటాం, రాదా అన్నాడు.

మాలాంటోళ్లం అట! నేను దేవుని సేవకుణ్ణి.


ఫిబ్రవరి 18, బుధవారం

భస్మ బుధవారం. శ్రమదినాలు మొదలు. సంఘం ముందు నిలబడి నలభై దినాల ఉపవాసం ప్రకటించాను. ప్రతి ఏడూ చేసేదే. పగలు మంచినీళ్లు. పొద్దు గూకాక ఒక్క పూట. సాయంత్రం ఏ ఊళ్లో కూటమైతే ఆ ఊళ్లో ఒక ఇల్లు నా ఉపవాసం విడిపిస్తుంది. ఆ వంతు కోసం ఇళ్లవాళ్లు పోట్లాడుకుంటారు. దైవజనుడికి వడ్డించడం భాగ్యం అంటారు. వద్దంటే మా ఇంటి కూడు పనికిరాలేదా అయ్యా అంటారు. మాలపల్లెలో పుట్టినవాణ్ణి, ఆ మాట ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. కాబట్టి వద్దనను.

ఇక్కడ ఒక నిజం రాసుకుంటాను. వద్దనాలని నాకు ఎప్పుడూ లేదు.

సలోమి ప్రార్థనలో నా వెనకే మోకరించింది. ఇంటికొచ్చాక, పోయిన వారం నా పనిముట్ల పెట్టెలో దొరికిన బూందీ పొట్లం తెచ్చి నా బైబిలు మీద పెట్టి వెళ్లింది. తిట్టినా బాగుండేది.

పెళ్లైన కొత్తలో ఒకే పళ్లెంలో తినేవాళ్లం. ముద్ద ముద్దకీ మధ్య కబుర్లు. ఇప్పుడు నా పళ్లెం మూతపెట్టి వరండాలోకి వెళ్లిపోతుంది. తను ఎప్పుడు తింటుందో నాకు తెలియదు.


ఫిబ్రవరి 21, శనివారం

వెళ్లాను. వాళ్లకు రక్షణ మార్గం చెప్పడానికే వెళ్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

గది నిండా దూది. గాలిలో దూది, కిటికీ ఊచలకు దూది, బ్రహ్మయ్య మీసాలకు దూది. చుట్టిపెట్టిన పరుపుల మీద కూర్చున్నాం. టీ లేదు, బిస్కెట్ లేదు. ఖాతూన్ బీ అరవై దాటిన మనిషి. పరుపుల కొట్టు వాళ్లదే. సుప్రజ అనే అమ్మాయి సచివాలయంలో పనిచేస్తుంది. అందరూ ఇళ్లకు పోయాక ఆఫీసులో బీరువా వెనక కూర్చుని బ్రెడ్డు ప్యాకెట్లు తింటానని చెప్పింది. తల ఎత్తకుండా చెప్పింది.

నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. ఏశావు గురించి చెప్పాను, ఒక్క పూట కూటికి జ్యేష్ఠత్వం అమ్ముకున్నవాడు. అరణ్యంలో మాంసం కోసం ఏడ్చి పూరేడు పిట్టలు పళ్ల మధ్య ఉండగానే చచ్చినవాళ్ల గురించి చెప్పాను. గొంతు హెచ్చింది. కింద కొట్టులో బేరం ఆగిపోయిందట.

ఖాతూన్ బీ ఆఖరుదాకా విన్నది. తర్వాత, బాగా చెప్పినావు తమ్ముడా, అది మీ కితాబులో మాట, నీ మాట ఏది అంది. ఇక్కడ ఎవరి పొట్ట సంగతి వాళ్లే చెప్పాల, ఎవరూ ఎవరికీ బుద్ధి చెప్పగూడదు, అంతే మా కానూను అంది.

నా మాట! కూర్చున్నాను.

ఆమె తన సంగతి చెప్పింది. ఈసారి రంజాన్‌కు రోజాలు ఉండటం లేదట. డాక్టరు వద్దన్నాడు. మసీదు పెద్దాయన జబ్బు మనిషికి మినహాయింపు ఉందన్నాడు. బదులుగా రోజూ ఒక పేదవాడికి అన్నం పెడుతోంది. పోయిన ఏడు దాకా ఇఫ్తార్‌కు ఖర్జూరంతో మొదలుపెడితే తెల్లారుజాము సహరీ దాకా నములుతూనే ఉండేదాన్ని అంది. ఇప్పుడు ఇల్లంతా రోజా, మధ్యాహ్నం వంటింట్లో నేనొక్కదాన్నే పళ్లెం ముందేసుకుని దొంగ మాదిరి కూకోవాల, పస్తుండటమే సుళువు తమ్ముడా, నోరు మూసుకుంటే సరి, కాస్త తిని లేవటం ఉందే, అదీ నరకం అంది. కళ్లు తుడుచుకుంది. చెంప మీద దూది అంటుకుంది.

రోజూ పన్నెండున్నరకు తను తినే ఆ కాసేపూ ఎవరైనా ఫోన్‌లో ఉండాలట. సుప్రజకు ఆఫీసు. బ్రహ్మయ్యకు మిరప కోతలు. అందరూ నా వైపు చూశారు. నువ్వు ఎట్టాగూ నోరు కట్టుకునుంటావుగా, చెవి ఖాళీయేగా అంది ఖాతూన్ బీ.

మళ్లీ రాకూడదనుకుంటూ మెట్లు దిగాను. నంబరు మాత్రం ఇచ్చాను.


ఫిబ్రవరి 24

పన్నెండున్నరకు షెడ్డు వెనక్కు వెళ్లాను. ఓనరు ఇస్మాయిల్ రోజాలో ఉన్నాడు. మిగతా పనివాళ్లూ అంతే. మా శౌరన్న కూడా మన లెక్కే అని నన్ను చూసి గర్వపడతారు. ఎండలో గేటు ఊచలు కాలుతున్నాయి.

ఫోన్ ఎత్తింది. పెట్టుకున్నా తమ్ముడా, రెండు రొట్టెలు, సొరకాయ కూర అంది. ఆ తర్వాత మాటల్లేవు. ఒక ముసలిది అన్నం తింటున్న చప్పుడు. గాజులు పళ్లేనికి తగులుతున్నాయి. మధ్యలో, ఉన్నావా అంది. ఉన్నానన్నాను. వాక్యం ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. అయిపోయింది, లేస్తన్నా అని పెట్టేసింది.

ఇంతేనా పరిచర్య?


ఫిబ్రవరి 27

ఇవాళ తింటూ ఏడ్చింది. కిందింట్లో మనవరాలు అసియా తొలి రోజా ఉందట. అందరూ పూలదండ వేశారట. దండ వెయ్యాల్సినదాన్ని తలుపేసుకుని తింటన్నా అంది.

నా ఉపవాసానికి స్టేజీలున్నాయి. ఈమె భోజనానికి ఎవరున్నారు?


మార్చి 2, సోమవారం

తిన్నాను.


మార్చి 3

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

బొల్లాపల్లి దగ్గర పల్లెలో కూటం. ఉపవాసం విడిపించే వంతు వెంకాయమ్మది. ఒంటరి ముసలిది, మిరప కోతల కూలీ. గుడ్లు పెట్టే పెట్టను కోసింది. అన్నం, నాటుకోడి పులుసు, గారెలు. కూర్చున్నాను. తిన్నాను. ఇంకాస్త వెయ్యనా అయ్యా అంది. వెయ్యమన్నాను. వేస్తూనే ఉంది. వెయ్యమంటూనే ఉన్నాను. గిన్నెలో గరిటె గీరుకున్న చప్పుడు వినబడింది. విని కూడా చెయ్యి చాచాను.

చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి తిరిగొస్తూ చూశాను. పొయ్యి దగ్గర కూర్చుని పొద్దుటి చద్దన్నంలో ఇంత కారం కలుపుకుంటోంది. నన్ను చూసి, నాకు ఆకలి లేదులే అయ్యగారూ, మీరు తింటే నేను తిన్నట్టే అని నవ్వింది.

సారెపతు విధవరాలు చివరి పిండితో ఏలీయాకు రొట్టె చేసిపెట్టింది. అక్కడ పిండి తరగలేదు. ఇక్కడ తరిగింది. తరగడమేమిటి, నేనే ఊడ్చేశాను.

ఇవాళ పన్నెండున్నరకు ఖాతూన్ బీ ముద్ద ఎత్తకముందే ఇదంతా చెప్పేశాను. విన్నది. తిన్నాక చేసే ఫోను ఏడవటానికి తమ్ముడా, తినకముందు చేసేదే ఫోను అంది. ఇంకో మాట కూడా అంది. పొద్దుగూకేదాకా పళ్లెం కోసం కాచుక్కూచుని దానికి ఉపవాసమని పేరు పెట్టుకుంటే ఎట్టా అంది.

కోపమొచ్చింది. ఫోన్ పెట్టేశాను. పాపం, ఆమె తినడం అవ్వకుండానే.


మార్చి 4

నేను చేయకముందే ఆమే చేసింది. నిన్న నువ్వు పోయినాక పళ్లెం పక్కన పెట్టేసినా, సాయంత్రం దానికి వడ్డీతో తిన్నా అంది. నిష్ఠూరం కాదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

నేను లైన్‌లో లేకపోతే ఒక మనిషి కూలిపోతుంది. ఇరవై ఏళ్లు ప్రసంగాలు చేశాను. నేను లేకపోతే ఎవరైనా కూలిపోయారా?


మార్చి 7, శనివారం

మేడ గది. నా వంతుకు నిలబడలేదు. కూర్చునే చెప్పాను. నా పేరు శౌరి. తిండి నా చేతుల్లో లేదు. వెంకాయమ్మ కోడిని తిన్నాను. అంతే వచ్చింది. బ్రహ్మయ్య, ఇదీ ప్రసంగమంటే, ఇంత పొట్టిది నీ నోట వస్తదనుకోలా అన్నాడు. సుప్రజ నవ్వింది. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి ఏలీయా కథ తీశాను. అగ్ని తర్వాత అధ్యాయం నేను ఎన్నడూ చెప్పలేదు. అంత మంట దించినవాడు మర్నాడు అడవిలో ఒక చెట్టు కింద పడుకుని చావును అడుక్కుంటాడు. దేవదూత వచ్చి గద్దించలేదు. బోధించలేదు. తట్టి లేపి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు. మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినమన్నాడు. నలభై దినాల నడక ఆ రొట్టె తర్వాత వచ్చింది.

రొట్టె ముందు. నలభై తర్వాత. నేను తిరగేసి చదివాను.


మార్చి 9, సోమవారం

పొద్దున సలోమిని ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాను. వింతగా చూసింది. వచ్చింది. డాక్టరు ఉపవాసమా ఈ టాబ్లెట్లతోనా అని నన్ను కాదు, సలోమిని తిట్టాడు. వేళకు మూడు పూటలా తినాలట. సలోమి తల దించుకుని తిట్లు తిన్నది. అవి నావి.

మధ్యాహ్నం సలోమి కట్టిచ్చిన డబ్బా తెరిచాను. రెండు గరిటెల అన్నం, తోటకూర పప్పు, పెరుగు. పన్నెండున్నర. ఖాతూన్ బీ, పెట్టుకున్నా అంది. నేనూ పెట్టుకున్నాను అన్నాను. బిస్మిల్లా అనుకో తమ్ముడా, కాదులే, మీది నువ్వు అనుకో అంది. ఇద్దరం తిన్నాం. నా జీవితంలో అంత కష్టమైన భోజనం లేదు. డబ్బా ఖాళీ అయింది. ఇంకా కావాలి. ఒళ్లంతా కావాలి అంటోంది. అయిపోయిందా అంది. అయిపోయింది అన్నాను. ఇంకా కావాలనిపిస్తందా అంది. అవునన్నాను. నాకూ అంది. ఇద్దరం లేచాం.

తిరిగొస్తుంటే ఇస్మాయిల్ డబ్బా చూశాడు. ఏందన్నా, ఒంట్లో బాలేదా అన్నాడు. షుగర్ అన్నాను. అయ్యో అట్టాగా అని మంచం చూపించి పడుకోమన్నాడు. సగమే చెప్పాను. సగం కూడా బరువు దిగినట్టే ఉంది.


మార్చి 14, శనివారం

దేవసహాయం గారు ఇంటికొచ్చారు. ఎవరో చెప్పినట్టున్నారు. తలుపు చేరవేసి కూర్చున్నారు. పగలు భోంచేస్తున్నారంట నిజమేనా బ్రదర్ అన్నారు. నిజమే, నాకు ఇట్లా ఒక జబ్బుంది, ఉపవాసం చేసి దాన్ని మేపుతున్నాను అని మొత్తం చెప్పాను.

ఆయన కోప్పడతారనుకున్నాను. నవ్వారు. నా భుజం తట్టారు. దానికేముందయ్యా, తింటే తిను, ఎవడొద్దన్నాడు, చెప్పకు అంతే అన్నారు. నేను మాత్రం అన్ని రోజులూ ఉంటున్నానా, కాఫీ తాగట్లా అన్నారు. జనానికి ఒక మనిషి కావాల శౌరీ, వాళ్ల కోసం పస్తుండే మనిషి, ఆ ఆశ తీసేస్తావా అన్నారు.

సరే అన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు. ఐదో మాట.


మార్చి 16

చెప్పకు అన్నారు కాబట్టి చెప్పలేదు. సాయంత్రం కూటం తర్వాత కారంపూడిలో ఉపవాసం విడిపించారు. మధ్యాహ్నం తిన్నవాణ్ణి మళ్లీ ఆకలిగొన్నవాడిలా తిన్నాను. రెండు వైపులా దొంగనయ్యాను.


మార్చి 21, శనివారం

రంజాన్ పండగ. మేడ మీద మీటింగు లేదు. పన్నెండున్నరకు ఖాతూన్ బీ ఫోన్ ఎత్తలేదు. ఒంటిగంటకు చేశాను. రెండుకు చేశాను.

నాలుగింటికి ఎత్తింది. తిన్నా తమ్ముడా అంది. గొంతు నేల మీద పడి ఉంది. బిర్యానీతో ఆగుదామనుకున్నా, సేమ్యా గిన్నెతో సహా నాకినా, తల్లిలాంటి పండగని పాడు చేసుకున్నా అంది.

వెతికితే ఓదార్పు వాక్యాలు నా దగ్గర వంద ఉన్నాయి. ఒక్కటీ చెప్పలేదు. కారంపూడి సంగతి చెప్పాను. దేవసహాయం గారికి సరే అన్న సంగతి చెప్పాను. ఓరి నీ పాసుగూల అంది. ఏడుస్తూ నవ్వింది. రేపు పన్నెండున్నరకు అన్నాను. అట్టాగే అంది.


మార్చి 29, మట్టలాదివారం

గురజాల సెంటర్‌లో ఫ్లెక్సీ. నా ఫోటో. సూటులో ఉన్నాను, సూటు నాది కాదు, కంప్యూటర్‌లో తొడిగారు. కింద పెద్ద అక్షరాలు. నలభై దినాల ఉపవాస వీరుడు, బ్రదర్ శౌరి.

ఎంత అందంగా ఉన్నానో! బస్సు దిగి దాని కింద నిలబడి చాలాసేపు చూశాను. మట్టలు పట్టుకుని పిల్లలు పాటలు పాడుకుంటూ పోతున్నారు. వెనక మిఠాయి కొట్టు. కాళ్లు అటు తిరిగాయి. జిలేబీ చుట్టలు నూనెలోంచి పాకంలోకి పడుతున్నాయి.

తినకముందు చేసేదే ఫోను. సుప్రజకు చేశాను. ఆదివారం కదా, ఎత్తింది. అంకుల్ ఎక్కడున్నారు అంది. నా ఫోటో కింద అన్నాను. నవ్వకుండా, ఏం కనబడుతోంది అంది. జిలేబీ అన్నాను. బస్సెక్కేదాకా లైన్‌లోనే ఉంటా, నడవండి అంది. నడిచాను. సీట్లో కూర్చున్నానని చెప్పాను. టికెట్ తీసుకున్నారా అంది. తీసుకున్నాను అన్నాను. అప్పుడు ఫోన్ పెట్టేసింది. నా కూతురి వయసు ఉంటుంది, నాకు కూతురుంటే.


మార్చి 30

సలోమికి మొత్తం చెప్పాను. బస్టాండు గోడ, వెంకాయమ్మ కోడి, కారంపూడి. ఆమె బియ్యం ఏరుతోంది. చేట ఆపలేదు.

అంతా విని, నాకు తెలవదా అంది. నీ చొక్కాలు ఉతికేది నేనేగా అంది. ఒక రాయి ఏరి పారేసి, నువ్వు తింటావని కాదయ్యా, తినేటప్పుడు నేను లేనట్టు తింటావు, అదీ నా బాధ అంది.

నాకు ప్రార్థన రాలేదు. బియ్యంలో రాళ్లు ఏరాను.


ఏప్రిల్ 1

దేవసహాయం గారికి ఫోన్ చేశాను. ఫ్లెక్సీ మీద ఆ వీరుడు అన్న మాట తీసేయించండి, స్టేజీ మీద ఉన్నదున్నట్టు చెబుతాను, లేదంటే ఐదో మాట వేరేవాళ్లకివ్వండి అన్నాను. నీ ఖర్మ అన్నారు. క్రైస్తవుడు అనాల్సిన మాట కాదు. నేనూ దిద్దలేదు.

సాయంత్రానికి నా ముఖం మీద నరసరావుపేట కుర్ర ప్రసంగీకుడి ముఖం అతికించారట. బ్రహ్మయ్య చూసొచ్చి చెప్పాడు. సూటు మాత్రం అదే ఉంచారు, ఆ కుర్రోడికి వదులైంది అన్నాడు.

నవ్వాను. తర్వాత షెడ్డు వెనక్కు వెళ్లి ఏడ్చాను.


ఏప్రిల్ 3, గుడ్‌ఫ్రైడే

వెళ్లాలా వద్దా అని పొద్దుటిదాకా కొట్టుకున్నాను. సలోమి డబ్బా కట్టి, పదయ్యా అంది.

షామియానా కింద ఆఖరి వరుస. ఎండ పగిలిపోతోంది. అందరూ మూడింటిదాకా పస్తు. నాలుగు మాటలు అయ్యాయి. పన్నెండున్నర అయింది. లేచాను. తలలు నా వైపు తిరిగాయి. దాక్కుని తినడానికి చోటుంది, పందిరి వెనక వంట షెడ్డు ఉంది. కాళ్లు అటే పోబోయాయి. మానుకుని చర్చి మెట్ల మీద, అందరికీ కనబడేచోట కూర్చుని డబ్బా తెరిచాను.

ఫోన్ మోగింది. ఖాతూన్ బీ. పెట్టుకున్నా అంది. పెట్టుకున్నాను అన్నాను.

మూడో ముద్దకు ఎదురుగా నీడ పడింది. వెంకాయమ్మ. బొల్లాపల్లి నుంచి ఆటోలో వచ్చారట. ఏందయ్యగారూ, ఇయ్యాల కూడానా అంది. ఇవాళ కూడానే అమ్మా, తినకుండా ఉంటే తర్వాత ఆగలేను, అదీ నా జబ్బు, ఆ రోజు నీ ఇంట్లో చూశావుగా అన్నాను. ఆమె నా డబ్బాలోకి తొంగి చూసింది. ఆ పొద్దు కోడిని బొమికలతో సహా తిన్నారు, ఇయ్యాల ఇంతేనా, ఇది మా పిల్లికి చాలదు అంది. ఫోన్‌లో ఖాతూన్ బీ పకపకా నవ్వింది. ఎవరయ్యా ఆ మడిసి అంది వెంకాయమ్మ. నాతో పాటు తినే ఆవిడ అన్నాను. ఆమెకు అర్థమైందో లేదో. చెంగుతో మెట్టు మీద దుమ్ము దులిపి, తినండి తినండి, వడదెబ్బ తగులుద్ది అని లోపలికి పోయింది.

ఐదో మాట మొదలైంది. కుర్రవాడు బాగా చెప్పాడు. నేను చెప్పినంత బాగా కాదు. దాహమంటే లోకపు దాహం, ఆత్మల దాహం అన్నాడు. నేనైతే అలా చెప్పేవాణ్ణి కాదు. ఎండలో వేలాడే మనిషికి నిజంగా నాలుక ఎండింది, నీళ్లు కావాలన్నాడు, సిగ్గుపడకుండా అందరి ముందూ అడిగాడు. అంతే చెప్పి కూర్చునేవాణ్ణి. మైకు అంత దూరంలో ఉంది. ఇక ఎప్పటికీ అంతే దూరంలో ఉంటుందేమో.

సలోమి వచ్చి పక్కన కూర్చుంది. తను పస్తే. ఊరికే కూర్చుంది. నేను తింటుంటే కూర్చుంది.


ఏప్రిల్ 9, గురువారం, పదకొండు గంటలు

పని లేదు, ఇంట్లోనే ఉన్నాను. డొక్కల కింద సన్నగా ఏదో పట్టేసింది. నొప్పి కాదు. పిచ్చి కోరిక కూడా కాదు. మెల్లగా వస్తోంది, పోతోంది. భయపడి సలోమిని పిలిచాను. చెయ్యి పెట్టి చూడమన్నాను.

ఆకలయ్యా అది, ఇంకో గంటలో అన్నమవుద్ది, నేనూ తింటా, ఉండు అంది.

ఉన్నాను.